తొమ్మిదొందలకు పాడిన గది

మా కైవారంలో అద్దె గది వ్యవహారం పాండవుల నాటిది. ఏకచక్రపురమంటే మా ఊరేనని ఇక్కడ బడికి పోయే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. లక్క ఇంట్లోంచి బయటపడి వచ్చిన అయిదుగురు అన్నదమ్ములూ తల్లీ ఒక బ్రాహ్మణుడి ఇంట్లో దిగారు. అడ్వాన్సు లేదు, బాడుగ లేదు, ఆధార్ కార్డు జిరాక్సు అడిగినవాడు లేడు. ఇంత చవక బస ఇంకెక్కడుంటుంది? కొన్నాళ్ళు పోయాక తెలిసింది, ఊరి బయట బకాసురుడు ఉన్నాడనీ, వంతు వచ్చిన ఇంటివాళ్ళు వాడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటితో పాటు ఒక మనిషినీ పంపాలనీ. దిగే ముందు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అంతా కుదిరిపోయాక చివర్లో వచ్చి కలిసిన ఛార్జీ అది. భీముడున్నాడు కాబట్టి గట్టెక్కారు. బకాసురుణ్ణి చంపాక భీముడు ప్రతిష్ఠించాడని చెప్పే భీమలింగేశ్వరుడి గుడి ఇప్పటికీ మా ఊళ్ళో ఉంది. అందరూ దాన్ని గుడి అంటారు. నేను మనసులో రసీదు అనుకుంటాను, స్వామి క్షమించాలి.

ఆ ఊరివాణ్ణి నేను. పైగా ముప్పై ఏళ్ళు శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో, గూళ్ళు కొని పట్టుదారం తీసే రీలరుగా వేలం పాట పాడినవాణ్ణి. బెంగళూరులో హోటలు గదిని ఫోన్లోనే బేరమాడి సగం ధరకు కొట్టడం ఎలాగో చెప్పడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి? మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. ఆవిడ మాటలు నడుమ నడుమ వస్తుంటాయి, దాటుకుంటూ పోండి.

మొదట ఒక అపశకునం ప్రశ్నను తీసి పక్కన పెడదాం. మా ఊరి నుంచి బెంగళూరుకు బస్సులో రెండు గంటలు, కాదంటే రెండున్నర. హొసకోటె మీదుగా తిన్నగా పోతుంది. చిక్కబళ్ళాపురం వాళ్ళకు ఇంకా దగ్గర. బాగేపల్లి వాళ్ళకు హైదరాబాదు హైవే మీద వంద కిలోమీటర్లు. పొద్దున పోయి రాత్రికి రావచ్చు కదా, గది దేనికి అంటుంది మా ఆవిడ. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో ఆడవాళ్ళకు సర్కారు బస్సు ఉచితం. అప్పటి నుంచి ఆవిడకు దూరమంటే లెక్క లేకుండా పోయింది. పక్కింటికి పోయినట్టు బెంగళూరు పోయి వస్తుంది. ఇటువంటివాళ్ళ మాట వింటే గదుల పాట ఈ జన్మలో ఒంటబట్టదు. జయదేవ ఆస్పత్రిలోనో నిమ్హాన్స్‌లోనో తెల్లారేసరికి వరసలో నిలబడాలి. చిక్కపేటలో పెళ్ళి చీరలు ఒక్క పూటలో తెమలవు. పిల్లల పరీక్ష సెంటరు ఎప్పుడూ ఊరికి ఆ కొసనే పడుతుంది. గది కావాలని మనసులో పడితే కారణాలకు కరువా?

ఇక గూళ్ళ మార్కెట్టులో నేర్చుకున్న మొదటి పాఠాన్ని మొట్టమొదట మరిచిపోవాలి. అక్కడ రైతు లాటు పోసి నిలబడితే, మేం నోరు తెరిచే ముందు చేయి పెడతాం. గుప్పెడు గూళ్ళు తీసి నొక్కి చూస్తాం, గట్టిగా ఉన్నాయా లొట్టపోతున్నాయా అని. చెవి దగ్గర ఆడించి వింటాం, లోపల పురుగు సంగతేమిటని. రెండు పురుగులు కలిసి కట్టిన జంట గూళ్ళు ఎన్ని, మరక పడ్డవి ఎన్ని, పైన మంచివి పరిచి అడుగున ఏమన్నా దాచారా, ఇవన్నీ చూసుకున్నాకే కిలో ఇంత అని పాడతాం. ధర నచ్చకపోతే రైతు ఇవ్వనంటాడు. ఇప్పుడా పాట కూడా కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి వచ్చింది. అయినా గూడు ముట్టుకోకుండా బటను నొక్కే రీలరును నేను చూడలేదు. కిలోకు అయిదు రూపాయలు అటూ ఇటూ అయితే ఇల్లు గడవదని వాళ్ళ చాదస్తం. మనం పడుకోబోయేది ఒక్క రాత్రి. మంచం, తలుపు గడియ, కుళాయిలో నీళ్ళు, పక్క గదిలో మనుషులు, వీటిలో ఒక్కదాన్నీ చూడనక్కర్లేదు. ఫోటోలున్నాయి కదా.

ఫోటో చూడ్డంలో ఒక ఒడుపుంది. మంచం మీద తెల్ల తువ్వాలును హంసలాగా మడిచి పెట్టారా లేదా అన్నది చూడండి. పెట్టి ఉంటే ఇక మారు మాట్లాడకుండా పాడేయండి. హంసను మడిచే ఓపిక ఉన్నవాళ్ళు దుప్పటి ఉతకరా? గది విశాలంగా కనిపించడానికి ఫోటో తీసినవాడు స్నానాలగదిలోకి వెనక్కి నడిచి, తలుపులోంచి తీసి ఉంటాడని మా చిన్నోడు అంటాడు. అనుమానం పిశాచం. వాసన ఫోటోలో రాదు, అది కూడా మనకు కలిసొచ్చే విషయమే. దిగినవాళ్ళు రాసిన మాటలుంటాయి కింద. అయిదు చుక్కలు ఇచ్చినవాళ్ళవి చదవండి. ఒక్క చుక్క ఇచ్చినవాడు ఊరికే ఇచ్చి ఉండడు, పెద్దగా రాసి ఉంటాడు, చదివితే మనసు విరుగుతుంది. అలాంటివి మూడు కనిపిస్తే తెర పైకి తోసేసి మళ్ళీ హంసను చూసుకోండి.

నిజానికి సరుకు చూడకుండా పాడే ఈ విద్య మనది కాదు. అమెరికాలో జే వాకర్ అనే ఆయన మొదలుపెట్టిన ప్రైస్‌లైన్ కంపెనీ 1998లో దీన్ని జనంలోకి తెచ్చింది. నీ ధర నువ్వే చెప్పమంది. ఊరు చెప్పాలి, ఊళ్ళో ఏ పేటో చెప్పాలి, ఎన్ని నక్షత్రాల హోటలో చెప్పాలి, ఇంత ఇస్తాననాలి. కార్డు నంబరు ముందే ఇచ్చెయ్యాలి. ఏదో ఒక హోటలు సరేనంటే ఆ క్షణమే డబ్బు పోయేది. హోటలు పేరు తెలిసేది ఆ తర్వాతే. వద్దనుకుంటే డబ్బు వెనక్కి వచ్చేది కాదు. తాళి కట్టాక ముసుగు తీసినట్టు.

ఈ ముసుగు ఎందుకో ఘాటి సుబ్రహ్మణ్యం పశువుల జాతర చూసినవాడికి చెప్పనక్కర్లేదు. ఎద్దుల బేరంలో దళారి తుండుగుడ్డ కింద చేయి పట్టుకుని వేళ్ళతో ధర చెబుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలిస్తే వాళ్ళూ ఆ ధరకే ఇమ్మంటారు. హోటలువాడి కష్టమూ అదే. వంద గదుల్లో ముప్పై ఖాళీ అనుకోండి. తెల్లారితే ఆ ముప్పై రాత్రులూ మాగిపోయిన టమాటా కింద లెక్క, ఇంకెవరికీ అమ్మలేడు. తగ్గించి అమ్మాలని ఉంటుంది. బోర్డు మీదే తగ్గిస్తే పూర్తి ధర ఇచ్చే డెబ్బైమందీ వచ్చి మీద పడతారు. అందుకని పేరు దాచి, గుడ్డ కింద అమ్ముతాడు. మా వైపు రైతుకు ఈ లెక్క అర్థం కాకపోదు. 2023 జూలైలో కోలారు మార్కెట్టులో 15 కిలోల టమాటా పెట్టె 2,000 రూపాయలు దాటింది. అదే టమాటాను ట్రాక్టర్లలో తెచ్చి రోడ్డు పక్కన పారబోసిన రోజులూ మేం చూశాం. కాయ అదే, గిరాకీ వేరు.

ఇంత తెలిసినవాడు గిరాకీ లేని రోజు చూసుకుని పోతాడు. నేను ఆ సలహా ఇవ్వను. ఏడాది బేసి సంఖ్య అయితే ఫిబ్రవరిలో యలహంక వాయుసేన స్థావరంలో ఏరో ఇండియా ప్రదర్శన ఉంటుంది. ఆ వారం గది పాడి చూడండి. లేకపోతే చిన్నస్వామి స్టేడియంలో మ్యాచ్ ఉన్న రాత్రి పాడండి. ఎదుట ఎవరూ లేనప్పుడు గెలిచినా అదేం గెలుపు?

ప్రైస్‌లైన్‌లో ఒకసారి కాదన్నాక అదే పాట మళ్ళీ పాడాలంటే 24 గంటలు ఆగాల్సి వచ్చేది. పేటో, నక్షత్రాలో, తేదీనో మారిస్తే వెంటనే పాడనిచ్చేవారు. జనం అందులో సందు కనిపెట్టారు. నాలుగు నక్షత్రాల హోటలు ఒక్కటీ లేని పేటను కావాలని జాబితాలో చేర్చేవారు. ఆ పేటలో గది తగిలే ప్రమాదం లేదు, ఇంకో పాట మాత్రం ఉచితంగా వచ్చేది. న్యూజెర్సీలో ఉండే మా అక్క కొడుకు ఇట్లా రాత్రి రెండింటి దాకా కూర్చుని, అయిదేసి డాలర్లు పెంచుకుంటూ పోయి, మన్‌హట్టన్‌లో గది కొట్టాడు. లిఫ్టు మోటారు ఆ గది గోడకు ఆనుకునే ఉందట. ముప్పై డాలర్లు మిగిలాయి. ఇన్నేళ్ళయినా ఇండియాకు వచ్చిన ప్రతిసారీ, ప్రతి పెళ్ళి భోజనంలోనూ ఆ ముప్పై డాలర్ల కథ చెబుతాడు. రాత్రంతా పడుకున్నావా అని ఎవరూ అడగరు. విమాన టికెట్లకు ఆ పాటను 2016లో ఆపేశారు, తర్వాత హోటళ్ళకూ ఆగిపోయింది. ధర చెప్పమని జనాన్ని అడగడం కన్నా, తగ్గించేశామని తామే చెప్పేస్తే పోతుందని వాళ్ళకు తెలిసొచ్చింది కాబోలు.

మన ఫోన్లలో అలాంటి పాట లేదు. లేకపోతే మనమే పెట్టుకోవాలి. నేను పెట్టాను.

మా చిన్నోడికి యలహంకలో పరీక్ష పడింది. ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా గేటు లోపల ఉండాలి. పదిహేను రోజుల ముందే తొమ్మిది లాడ్జీల ఫోను నంబర్లు ఏరి, ‘గది పాట’ అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, తొమ్మిదిమంది మేనేజర్లనూ అందులో వేశాను. శనివారం రాత్రికి గది కావాలి, ముగ్గురం, నా పాట 700, ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్ళకే అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాశాను. గూళ్ళ మార్కెట్టులో కొనేవాళ్ళు పోటీపడితే ధర ఎక్కుతుంది. ఇక్కడ అమ్మేవాళ్ళు పోటీపడతారు, ధర దిగాలి. కాగితం మీద ఇందులో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ నాకు కనిపించదు.

మొదటి గంటలో ముగ్గురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నాలుగో ఆయన 1,600 అన్నాడు. అయిదో ఆయన 1,500 అన్నాడు. నా గుండె పొంగింది. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. ఇంతలో అయిదో ఆయనా ఆరో ఆయనా ఇద్దరూ కుందాపుర వైపు వాళ్ళేనని తేలింది. ఏ ఊరు, ఎవరి ఇల్లు, మీ బావ మా తమ్ముడి దగ్గర పనిచేశాడు కదా, ఇట్లా సాగింది. ఏడో ఆయన మధ్యలో దూరి కరెంటు బిల్లు గురించి గోడు వెళ్ళబోసుకున్నాడు. రాత్రి తొమ్మిదయ్యేసరికి మిగిలిన ఆరుగురూ కూడబలుక్కుని శనివారం రేటు 1,800, దిగేది లేదని ఒకటే మాట మీదకు వచ్చారు. మార్కెట్టులో దీన్ని సిండికేటు అంటాం. కొనేవాళ్ళు ఏకమైతే ఎదుట రైతు మొహం ఎట్లా ఉంటుందో ముప్పై ఏళ్ళు చూసినవాణ్ణి. ఆ మొహం నాకే ఉంటుందని అనుకోలేదు. ఆ గ్రూపు ఇప్పటికీ నడుస్తోంది. పండగ శుభాకాంక్షలు, నీళ్ళ ట్యాంకరు నంబర్లు, వంటవాడు కావలెను, అన్నీ వస్తుంటాయి. అడ్మిన్‌గా నన్నే ఉంచారు. గది మాత్రం ఇవ్వలేదు.

కాబట్టి మీరు తొమ్మిదిమందితో ఆగకండి, ఇరవైమందిని వేయండి. మా ఊరి బడిపంతులొకాయన వేరే ఉపాయం చెప్పాడు. ఒక్కో లాడ్జికి విడిగా ఫోను చేసి, యాప్‌లో మీ గది ఇంత చూపిస్తోంది, నేరుగా వస్తే ఎంతకిస్తారని మర్యాదగా అడిగితే చాలా చోట్ల తగ్గిస్తారట. యాప్‌కు పోయే కమిషను వాళ్ళకే మిగులుతుంది కాబట్టి. వేడినీళ్ళు ఎన్నింటికి వస్తాయి, బస్టాపు ఎంత దూరం అన్నవి కూడా అదే ఫోనులో తెలుస్తాయట. తెలుస్తాయి నిజమే. అందులో పాట ఎక్కడుంది? అది ఉత్త ఫోను.

బేరం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ విషయంలో మా కైవారం తాతయ్యను ఆదర్శంగా పెట్టుకోవద్దు. నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన మహానుభావుడు, దండం పెడతాం. ఆయన యోగి కాక ముందు గాజుల మలారం మోసుకుని ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. గట్టిగా బేరం చేయడం చేతకాక, అరువులిచ్చి చేతులూపుకుంటూ ఇంటికి వస్తే ఇల్లాలు కోప్పడేదని మా వైపు చెప్పుకుంటారు. వ్యాపారం అట్లా చేస్తే గదులు దొరకవు. ఆయన పేరు మీద మఠంలో వచ్చినవాళ్ళకు అన్నం పెడతారు, ఎంతకు పాడావని అడగరు. అది వేరే లోకం.

ఇక యాప్‌లు. ఇక్కడ మీరు పాడరు, ఫోనే పాడుతుంది, మీరు తలూపాలి. ‘ఈ ధరకు ఒక్క గదే మిగిలింది’ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. ‘ఇప్పుడు ఈ గదిని 6 మంది చూస్తున్నారు’ అని వస్తుంది. పక్కన ఒక గడియారం వెనక్కి నడుస్తుంటుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇటువంటి మాయలను 13 రకాలుగా విడగొట్టి నిషేధించింది. లేని తొందర పుట్టించడం వాటిలో మొదటిది. అడగని సరుకును బుట్టలోకి జారవేయడం రెండోది. ధరను ఒక్కసారి చెప్పకుండా చుక్కచుక్కగా వదలడం కూడా ఆ జాబితాలో ఉంది. చదివి, మెచ్చుకుని, పక్కన పెట్టాను. ఆరుగురు చూస్తున్నారంటే నా కంటికి లాటు చుట్టూ ఆరుగురు రీలర్లు నిలబడ్డట్టే ఉంటుంది. వాళ్ళు చేయి పెట్టేలోపు నేను పెట్టాలి.

నా చిట్కా ఏమిటంటే ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటిలోనూ అదే గదిని తెరిచి పెట్టడం. ఏ ఫోన్లో తక్కువ చూపిస్తే దాంట్లో కొట్టేయడం. మా ఆవిడ ఫోను, చిన్నోడి ఫోను, అల్లుడి ఫోను, నావి రెండు. అన్నిట్లోనూ 900 చూపించింది, ఆరుగురు చూస్తున్నారంది. అయిదుగురం మేమేనని తెలుసు. ఆ ఆరోవాడెవడో తెలియదు. ఎవడైతేనేం, వాడికి దక్కకూడదని కళ్ళు మూసుకుని నొక్కేశాను. వద్దనుకుంటే డబ్బు తిరిగొచ్చే గది వంద రూపాయలు ఎక్కువుంది. నేను తీసుకోలేదు, మీరూ తీసుకోవద్దు. పరీక్ష తేదీ మారొచ్చు, మనిషికి జ్వరం రావచ్చు, బంధువు పోవచ్చు. ఇవన్నీ ఆలోచించి వంద ఎక్కువ పెట్టేవాడు ఇన్సూరెన్సు ఏజెంటు అవుతాడు గాని పాటగాడు కాడు.

900 అన్నది పాట. చేతిలోంచి పోయేది బిల్లు. రెండింటికీ చుట్టరికం ఉంది, అంతే. 2022 జూలై 18కి ముందు రోజుకు వెయ్యి లోపు గదికి జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 దాకా ఉన్న గదులకు 5 శాతానికి దిగింది. అంటే నా 900 మీద 45. చెల్లింపు సౌకర్యానికి రుసుమట, 79. మనకు చెల్లించడం సౌకర్యమో, వాళ్ళకు పుచ్చుకోవడం సౌకర్యమో రాయలేదు. నేనడగని ప్రయాణ బీమా ఒకటి టిక్కు పెట్టుకుని కూర్చుని ఉంది, 49. ముగ్గురు కాబట్టి అదనపు పరుపు 300, అది హోటలు దగ్గర ఇవ్వాలట. మొత్తం 1,373. బండెడు అన్నం, రెండు దున్నపోతులు. ఊళ్ళో అందరికీ 900 అనే చెప్పాను, ఎందుకంటే పాడింది అంతకే.

చోటు ఎంచుకోవడంలో వృత్తిని నమ్మాను. మ్యాపులో సిల్క్ బోర్డు అని కనిపించింది. 1948 నాటి చట్టంతో ఏర్పడిన కేంద్ర సిల్క్ బోర్డు ఆఫీసు అక్కడుంది. పట్టు మీద బతికినవాడికి ఆ పేరు పుట్టింటి పేరు. ఆ పక్కనే గది అంటే ఇక ఆలోచించేదేముంది? పరీక్ష యలహంకలో, ఊరికి ఉత్తరం కొసన. సిల్క్ బోర్డు దక్షిణాన. బెంగళూరు వాళ్ళకు ఆ పేరు చెబితే పట్టు గుర్తురాదు, ట్రాఫిక్కు గుర్తొస్తుంది. ఆ కూడలి మీద ఉన్నన్ని జోకులు ఊళ్ళో ఇంకే కూడలి మీదా లేవట. ముందే ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండేది అంటాడు మా చిన్నోడు. చెప్పినా వినేవాణ్ణి కాదు, ఆ నిజాయితీ నాకుంది.

శనివారం సాయంత్రం మా బస్సు టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర దించింది. కైవారం నుంచి అక్కడికి ఎంతసేపు పట్టిందో, అక్కడి నుంచి ఆటోలో సిల్క్ బోర్డుకు ఇంచుమించు అంతే పట్టింది. ఆటో 420. హోటలు దగ్గరికి చేరేసరికి ఏడున్నర. కౌంటరులో కుర్రాడు ఆధార్ కార్డులు తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. చిక్కబళ్ళాపురం జిల్లానా, దగ్గరే కదా సార్, లోకల్ వాళ్ళకు రూము ఇవ్వం అన్నాడు. చాలా హోటళ్ళలో ఈ నియమం ఉంటుంది, పాడే ముందు కిందికి పోయి చదివితే కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ మాట గర్వంగా తోచింది. అరవై డెబ్బై కిలోమీటర్ల అవతల పుట్టినవాణ్ణి పట్టుకుని బెంగళూరువాడివే అన్నాడు. కర్ణాటక సరిహద్దులో పుట్టి, ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడే మమ్మల్ని అక్కడా ఇక్కడా పరాయివాళ్ళుగా చూసినవాళ్ళున్నారు గాని, ఇంతగా సొంతం చేసుకున్నవాడు ఇతనొక్కడే. అరగంట కన్నడంలో బతిమాలాక, పరీక్ష హాల్ టికెట్ చూపించాక, తాళం ఇచ్చాడు.

గదిలో హంస లేదు. తువ్వాలు ఉంది, మడత లేదు. కిటికీ ఉంది, తెరిస్తే ఎదురుగా అరచేతి దూరంలో పక్క మేడ గోడ. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఒకసారి లోపలికి, ఒకసారి నా వైపు చూసింది.

“పరుపు వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే పరుపు పట్టదు. మీరిద్దరూ ఉండండి. నేను ఊరికి పోతా.”

“ఇప్పుడా?”

“బస్సుకు నాకేమన్నా దుడ్డు పెట్టాలా?”

సంచి తీసుకుని వెళ్ళిపోయింది. పదకొండున్నరకు చిన్నోడి ఫోనుకు మెసేజి వచ్చింది, ఇంట్లో పడుకున్నానని. ఆ టైముకు మేమిద్దరం రిసెప్షన్లో ఉన్నాం, ఫ్యాను రెగ్యులేటరు గురించి. అదనపు పరుపు మిగిలింది కదా, దాని 300 తగ్గించమని అక్కడే ఇంకో పాట పెట్టాను. కుర్రాడు నవ్వి, సిస్టమ్‌లో ముగ్గురని ఉంది సార్ అన్నాడు. సిస్టమ్‌తో ఎద్దుల బేరం చెయ్యలేం, దానికి వేళ్ళు లేవు. నిద్ర గురించి రాయను. చిన్నోడు రెండింటి దాకా చదువుకున్నాడు, చదువుకోవాలని కాదు.

పొద్దున కూడా నా పద్ధతి వదల్లేదు. రెండు యాప్‌లలో కార్లు చూసి, తక్కువ చూపించినదాన్ని పిలిచాను. అతను ఎక్కడికని అడిగి, యలహంక అనగానే కట్ చేశాడు. రెండో అతనూ అంతే. మూడో అతను 780కి వచ్చాడు. యలహంకలో సెంటరు ముందు దిగేసరికి ఎనిమిదీ యాభై. చిన్నోడు పరుగు తీయబోయి ఆగి, రోడ్డుకు ఆవలి వైపు చూపించాడు.

“నాయనా, ఆ లాడ్జి మన గ్రూపులో ఉండేదే కదా?”

చూశాను. గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంది. గుమ్మం పక్కన పలక మీద సుద్దముక్కతో ‘రూము 1,200’ అని రాసి ఉంది. మెట్ల మీద కాఫీ తాగుతున్న ఆయన నా వైపు తేరిపార చూసి, వాట్సాప్ బొమ్మతో పోల్చుకున్నట్టున్నాడు, “అడ్మిన్ సార్!” అని పిలిచాడు. కాఫీ ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

మా ఆవిడ గేటు పక్కన చెట్టు కింద అరుగు మీద కూర్చుని ఉంది. అయిదింటి బస్సుకు బయల్దేరి ఎనిమిదిన్నరకే వచ్చిందట. స్నానం చేసి, తల దువ్వుకుని, పువ్వులు పెట్టుకుని ఉంది. చిన్నోడికి టిఫిన్ డబ్బా తెరిచి చిత్రాన్నం నాలుగు ముద్దలు పెట్టి లోపలికి పంపింది. తర్వాత నా వైపు తిరిగింది.

ఇక్కడ ఆఖరు చిట్కా. ఎవరడిగినా పాట ధర మాత్రమే చెప్పండి. ఆటోలు, కార్లు, పరుపులు, బీమాలు కలపడం మొదలుపెడితే నాది 2,573 అవుతుంది, అటువంటి లెక్క మగవాడికి మర్యాద కాదు.

“ఎంతకు పాడితిరి?” అంది.

“తొమ్మిదొందలకు.”

ఏమీ అనలేదు. సంచిలోంచి రాత్రివి, పొద్దుటివి కలిపి నాలుగు బస్సు టికెట్లు తీసి నా చేతిలో పెట్టింది. నాలుగింటి మీదా ధర దగ్గర సున్నా అని అచ్చయి ఉంది. అంతకన్నా కిందికి పాడటానికి ఏదన్నా యాప్ ఉందేమో కనుక్కోమని చిన్నోడికి చెప్పాను.